నిజంగా జరిగిన ఎన్‌కౌంటర్ మీద సినిమా: పేర్లు మారిస్తే సరిపోతుందా?

ప్రశ్న: ఎనిమిదేళ్ల కిందట మా జిల్లాలో పోలీసు కాల్పుల్లో ఒక కుర్రాడు చనిపోయాడు. అతనే ముందు కాల్చాడని పోలీసులు అన్నారు. ఇంట్లోంచి తీసుకెళ్లి చంపారని తల్లి అంటోంది. పోలీసులు కేసు మూసేస్తే, దాన్ని ఒప్పుకోనంటూ ఆమె మెజిస్ట్రేట్ దగ్గర ప్రొటెస్ట్ పిటిషన్ వేసింది, అది ఇంకా తేలలేదు. ఈ సంఘటన మీద స్క్రిప్టు రాసుకున్నాను. పేర్లు, ఊరు మార్చాను. తల్లి నోటిమాటగా సరేనంది. అప్పటి ఇన్‌స్పెక్టర్ రిటైరయ్యారు. సినిమా తీస్తే పరువునష్టం కేసు వేస్తానని కబురు పంపారు. ఎవరెవరి అనుమతి తీసుకోవాలి? పాత్రలన్నీ కల్పితమని ముందు కార్డు వేస్తే సరిపోదా?

జవాబు: కార్డు సరిపోదు. పేర్లు మార్చడమూ సరిపోదు. పరువునష్టం కేసులో కోర్టు చూసేది పాత్ర పేరు కాదు. ఆ మనిషిని ఎరిగినవాళ్లు తెర మీద చూసి ‘ఇది ఆయనే’ అని పోల్చుకుంటారా అన్నదే. సంవత్సరం, హోదా, కాల్పులు జరిగిన చోటు, ఆ తర్వాత వచ్చిన బదిలీ అన్నీ అలాగే ఉంచి పేరొక్కటే మారిస్తే జిల్లా అంతా పోల్చుకుంటుంది. పైగా పోస్టర్ మీద ‘నిజ సంఘటన ఆధారంగా’ అని వేసుకుని, సినిమా మొదట్లో ‘ఎవరినీ ఉద్దేశించినవి కావు’ అంటే ఆ రెండు మాటలూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. అవతలి లాయరు ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి జడ్జిగారికి చూపిస్తాడు.

మిమ్మల్ని కాపాడేది స్క్రిప్టులో ప్రతి సీనుకూ ఎదురుగా ఉండే కాగితం. మరణశిక్ష పడిన ఖైదీ ఆటో శంకర్ ఆత్మకథ విషయంలో వచ్చిన రాజగోపాల్ కేసులో, 1994లో, సుప్రీంకోర్టు మీకు పనికొచ్చే రెండు సంగతులు చెప్పింది. కోర్టు రికార్డుతో సహా పబ్లిక్ రికార్డులో ఉన్న విషయాన్ని ప్రచురించడానికి మామూలుగా ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఇక ప్రభుత్వోద్యోగి విధి నిర్వహణ గురించి రాసింది తప్పని తేలినా, నిజానిజాలు బొత్తిగా పట్టించుకోకుండా రాశారని ఆయన రుజువు చేస్తే తప్ప నష్టపరిహారం రాదు. తగినంత విచారించుకున్నాకే రాశానని మీరు చూపగలిగితే చాలు. ఇన్‌స్పెక్టర్ రిటైరైనంత మాత్రాన అప్పటి డ్యూటీ ఆయన సొంత వ్యవహారం అయిపోదు. కానీ ఈ రక్షణ ఆ డ్యూటీ వరకే. ఆయన తాగుడు, భార్యతో గొడవలు అంటూ పాత్రకు ‘బలం’ కోసం కల్పించిన సీన్లుంటే ఇవాళే తీసేయండి. వాటికి ఏ రికార్డూ అండగా నిలబడదు.

కాగితాలు ఎక్కడ దొరుకుతాయో చూద్దాం. ఎఫ్ఐఆర్, శవ పంచనామా, పోస్ట్‌మార్టం రిపోర్టు, ఫోరెన్సిక్ రిపోర్టు, కేసు మూసేస్తూ ఇచ్చిన ఫైనల్ రిపోర్టు, తల్లి పిటిషన్ ఇవన్నీ మెజిస్ట్రేట్ కోర్టు ఫైల్లో ఉండాలి. బయటివాళ్లు సర్టిఫైడ్ కాపీ అడిగితే ఎందుకో అఫిడవిట్‌తో చెప్పుకోవాలి. తల్లి పార్టీ కాబట్టి ఆమె లాయరు కాపీ అప్లికేషన్ వేస్తే పని తేలిక. జిరాక్సు మీద ఆధారపడకండి, కోర్టు ముద్ర ఉన్న కాపీయే మీ ఫైల్లో ఉండాలి. మెజిస్టీరియల్ ఎంక్వైరీ ఆర్డీవో స్థాయిలో జరిగి ఉంటే ఆ రిపోర్టుకు 10 రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. గడువు 30 రోజులు. ‘కేసు నడుస్తోంది’ అని ఊరికే తిప్పికొడితే ఊరుకోవద్దు. బయటపెడితే దర్యాప్తుకు ఎలా అడ్డమో వాళ్లు చెప్పాలి. అది చెప్పకపోతే మరో 30 రోజుల్లో మొదటి అప్పీలు వేయండి.

వీటిలో పోస్ట్‌మార్టం రిపోర్టును ఒక్కో లైనూ చదవండి. తూటా ఎక్కడ దిగింది, ఎటు నుంచి ఎటు వెళ్లింది, గాయం చుట్టూ నల్లటి మసి గానీ మందుగుండు చుక్కలు గానీ ఉన్నాయా. ఉంటే దగ్గర నుంచి కాల్చారన్నదానికి అది గట్టి ఆధారం. ‘చాలా దూరం నుంచి ఎదురుకాల్పులు’ అన్న ఎఫ్ఐఆర్ కథనంతో అది పొసగకపోతే, ఆ పొసగని చోటే మీ సినిమా. రిపోర్టులో మసి మాట లేకపోతే మాత్రం కణతకు తుపాకీ ఆనించిన షాట్ తీయకండి. వీపు వైపు గాయం లేకపోతే పరిగెత్తుతుండగా వెనక నుంచి కాల్చినట్టు చూపకండి. నాలుగు సెకన్ల షాటే, ‘నిజానిజాలు పట్టించుకోలేదు’ అనడానికి ఆయనకు అదొక్కటే చాలు.

కాల్పుల సీను అసలు ఎలా తీయాలన్నది ఇక్కడ పెద్ద చిక్కు. తల్లి పాత్ర ‘నా కొడుకుని ఇంట్లోంచి తీసుకెళ్లి చంపారు’ అంటే అది ఆమె ఆరోపణ, పిటిషన్లో ఉన్న మాటే. అదే కెమెరా నేరుగా బేడీలతో ఉన్న కుర్రాణ్ని కాల్చినట్టు చూపిస్తే అది మీరు చేసిన నిర్ధారణ. కోర్టు ఇంకా తేల్చని దాన్ని మీరు తేల్చినట్టవుతుంది. అందుకే పోలీసుల కథనాన్ని ఎఫ్ఐఆర్ ప్రకారం, తల్లి కథనాన్ని పిటిషన్ ప్రకారం, ఎవరు చెబుతున్నదో ప్రేక్షకుడికి తెలిసేలా వేరువేరుగా చూపండి. ఢిల్లీలో జరిగిన బట్లా హౌస్ ఎన్‌కౌంటర్ మీద తీసిన సినిమా 2019లో ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. నిర్మాతలు డిస్‌క్లెయిమర్ మార్చి, కొన్ని సీన్లు సవరించడానికి ఒప్పుకున్నాకే విడుదలకు దారి దొరికింది.

పెండింగ్ కేసు గురించి జాగ్రత్త. మెజిస్ట్రేట్ ఆ పిటిషన్ మీద పోలీసులకు సమన్లు పంపితే, అక్కణ్నుంచి విచారణకు అడ్డమొచ్చే ప్రచురణ కోర్టు ధిక్కారం కిందికి రావచ్చు. 1993 బొంబాయి పేలుళ్ల మీద తీసిన సినిమాను నిందితుల పిటిషన్ మీద కోర్టు ఆపింది; ఆ పేలుళ్ల కేసు విచారించిన టాడా కోర్టు తీర్పులు వెలువడ్డాక, 2007లో గానీ అది థియేటర్లకు రాలేదు. విడుదల తేదీ ప్రకటించే ముందు ఆ పిటిషన్ ఏ దశలో ఉందో వాయిదా వాయిదాకూ కనుక్కుంటూ ఉండండి.

ఇక అనుమతులు. చనిపోయినవాడి ప్రైవసీ, ప్రతిష్ఠ హక్కులు వారసులకు రావని మద్రాస్ హైకోర్టు 2021లోనూ, ఢిల్లీ హైకోర్టు 2023లోనూ చెప్పాయి. కుర్రాడి కథకు తల్లి సంతకం తప్పనిసరి కాదన్న వాదన వీటి మీదే నిలుస్తుంది. అయితే తల్లి బతికే ఉంది, సినిమాలో ఒక పాత్ర. ఆమె ప్రైవసీ ఆమెది. చెల్లెలు, భార్య తెర మీద కనిపిస్తే వాళ్లదీ అంతే. అలాగే భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ ప్రకారం, ఇంటివాళ్ల మనసు నొప్పించాలన్న ఉద్దేశంతో చనిపోయినవాడి పరువు తీసినా అది పరువునష్టమే, రెండేళ్ల దాకా శిక్ష పడొచ్చు. పోలీసుల మాట పట్టుకుని, కేసుల్లేని కుర్రాణ్ని రౌడీగా చూపిస్తే కోర్టుకెక్కేది ఆ తల్లే.

కాబట్టి ఒప్పందం రాతపూర్వకంగా, ఆమె చదవగలిగే తెలుగులో ఉండాలి. ఆమెకు చదువు రాకపోతే చదివి వినిపించినట్టు రాసి, ఇద్దరు సాక్షుల సంతకాలు పెట్టించండి. ఏయే సంఘటనలు చూపుతారు, ఏ ఫొటోలు, ఉత్తరాలు, ఫోన్ రికార్డింగులు వాడతారు అన్నది ఒక్కొక్కటిగా రాయండి. ఫొటో మీద కాపీరైటు సాధారణంగా తీసినవాళ్లదని మర్చిపోవద్దు. స్క్రిప్టు చూపించి అభిప్రాయం తీసుకుంటారా, వద్దంటే ఆ సీను తీసేస్తారా, ఈ రెండింటిలో ఏదో తేల్చి రాయకపోతే విడుదల వారం గొడవ ఖాయం.

డబ్బు విషయంలో మాత్రం తొందరపడకండి. రేపు ఆమె సాక్షిగా బోనెక్కితే క్రాస్ ఎగ్జామినేషన్‌లో అవతలి లాయరు వేసే ప్రశ్న తెలిసిందే: ‘సినిమా వాళ్ల దగ్గర ఎంత తీసుకున్నావమ్మా?’ మీకిచ్చిన ఇంటర్వ్యూలో తేదీ ఒక్కటి అటూ ఇటూ అయినా ఆ రికార్డింగును కోర్టుకు రప్పించి ఆమెనే అబద్ధాలకోరును చేస్తారు. ఎనిమిదేళ్లుగా వాయిదాలకు తిరుగుతున్న మనిషి కేసు మీ సినిమా వల్ల పాడవకూడదు. ఆమె లాయరు ఒప్పందం చూడకముందు ఒక్క రూపాయి కూడా చేతులు మారకూడదు, ఇంటర్వ్యూ కూడా రికార్డు చేయకూడదు.

కుర్రాడి వయసు కూడా చూసుకోండి. 2019 డిసెంబరు 6న చటాన్‌పల్లి దగ్గర పోలీసు కాల్పుల్లో చనిపోయిన దిశ కేసు నిందితులు నలుగురిలో ముగ్గురు మైనర్లని ఆ కాల్పుల మీద విచారణ జరిపిన సిర్పూర్కర్ కమిషన్ తేల్చింది. నేరారోపణ ఉన్న మైనర్ గుర్తింపు బయటపెట్టడాన్ని జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ నిషేధిస్తుంది. కథలో లైంగిక దాడి బాధితురాలు ఉంటే ఆమె పేరు, ముఖం, ఇల్లు ఏదీ కూడదు. ఆ ఘటనలో ఆమెను ‘దిశ’ అని పిలుస్తున్నది అందుకే.

రివార్డు, ప్రమోషన్ సీన్లుంటే తేదీ సరిచూసుకోండి. ధైర్యం సందేహం లేకుండా రుజువయ్యేదాకా వెంటనే అలాంటివి ఇవ్వకూడదని ఎన్‌కౌంటర్ల మీద పౌరహక్కుల సంస్థ పీయూసీఎల్ వేసిన కేసులో సుప్రీంకోర్టు 2014లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉంది. నిజంగా ఇచ్చి ఉంటే ఆ ఉత్తర్వు సంపాదించండి.

సెన్సార్ సర్టిఫికెట్ థియేటర్‌కు తప్పదు. నిరాకరిస్తే 30 రోజుల్లో హైకోర్టుకు అప్పీలు. ఇలాంటి అప్పీళ్లు వినే ట్రిబ్యునల్ 2021లోనే పోయింది. ఓటీటీకి ముందస్తు సర్టిఫికెట్ అక్కర్లేదు గానీ పరువునష్టం చట్టం అక్కడా వర్తిస్తుంది.

రిటైరైన ఇన్‌స్పెక్టర్ కబురుకు మీరు కబురుతో జవాబివ్వకండి. లీగల్ నోటీసు వస్తే గడువులోగా లాయరు ద్వారా క్లుప్తంగా జవాబు పంపండి, స్క్రిప్టు మాత్రం పంపకండి. విచారణకు ముందే ప్రచురణను ఆపే ఇంజంక్షన్ అరుదుగా, గట్టి కారణం ఉంటేనే ఇవ్వాలని 2024 మార్చిలో వార్తాసంస్థ బ్లూమ్‌బర్గ్ కేసులో సుప్రీంకోర్టు మళ్లీ చెప్పింది. అయినా విడుదలకు ముందు రోజు సాయంత్రం మీరు లేకుండా స్టే తెచ్చుకునే ప్రయత్నం జరగొచ్చు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 148ఎ కింద కేవియట్, అంటే మా మాట వినకుండా ఉత్తర్వు ఇవ్వొద్దన్న అర్జీ, ముందే వేస్తే మీకు నోటీసు రావాలి. ఆయన ఉంటున్న ఊరి కోర్టులోనూ, మీ నిర్మాణ సంస్థ ఉన్న చోటా వేసి, కాపీ ఆయనకు రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. కేవియట్ 90 రోజులే చెల్లుతుంది కాబట్టి షూటింగ్ మొదట్లో కాదు, విడుదల తేదీ ఖాయమయ్యాకే వేయండి. తేదీ వాయిదా పడితే మళ్లీ కొత్తది వేయాల్సిందే.