టీసీ చేతిలో ఉంచుకోండి, ఆరేళ్ల లెక్క వేయండి

ప్రశ్న: మాది చీపురుపల్లి దగ్గర పల్లె. మా ఆయన చెన్నైలో తాపీ పని చేస్తారు. బాబు ఈ ఏడాది జిల్లా పరిషత్ హైస్కూల్లో పది పాసయ్యాడు. 600కు 431 వచ్చాయి. తెలుగు 78, హిందీ 71, ఇంగ్లిష్ 52, లెక్కలు 81, సైన్సు 76, సోషల్ 73. పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్‌లో 120కి 61. సెలవులొస్తే ఊళ్లో మోటార్ల వైండింగ్ షాపు వదిలి ఇంటికి రాడు. విశాఖలో ఒక కాలేజీ వాళ్లు ఇంటికొచ్చి ఎంపీసీ హాస్టల్‌తో ఏడాదికి 1,40,000 అన్నారు. ఈ వారంలో టీసీ ఇచ్చేస్తే 20,000 తగ్గిస్తారట. మా మరిది పాలిటెక్నిక్ అంటున్నాడు, బాబేమో ఐటీఐ అంటున్నాడు. 4, 5 తరగతులు చెన్నైలో చదివాడు, ఆరు నుంచి ఇక్కడే. దానివల్ల సీటుకు అడ్డమా?
ఒక తల్లి, విజయనగరం జిల్లా

జవాబు: అమ్మా, ఏ కోర్సు అన్నది తర్వాత చూద్దాం. ముందు టీసీ, మార్కుల మెమో ఒరిజినల్స్ ఎవరి చేతికీ ఇవ్వకండి. వాళ్లు తగ్గిస్తామంటున్న 20,000 మీ అబ్బాయి చదువు చూసి కాదు, ఆ టీసీ కోసం. అది వాళ్ల బీరువాలోకి వెళ్లాక పాలిటెక్నిక్ సర్టిఫికెట్ల పరిశీలన రోజు మీ చేతిలో జిరాక్సే మిగులుతుంది. వెనక్కి అడిగితే మొదటి ఏడాది ఫీజు కట్టి తీసుకెళ్లమంటారు. ఇలా ఇరుక్కునే కుటుంబాలు ఏటా ఉంటాయి. ఎవరైనా వచ్చి తొందరపెడితే జిరాక్సు ఇచ్చి, ‘మా ఆయన వచ్చాక మాట్లాడతాం’ అని పంపేయండి. ఎంపీసీ సీట్లు ఈ వారంతో అయిపోవు.

ఇప్పుడు లెక్క. ఇంటర్ రెండేళ్లు, బీటెక్ నాలుగేళ్లు, మొత్తం ఆరు. పాలిటెక్నిక్‌లో ఇచ్చే డిప్లొమా మూడేళ్లు, ఆ తర్వాత డిప్లొమా వాళ్ల ప్రవేశ పరీక్ష ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరితే ఇంకో మూడేళ్లు, ఇదీ ఆరే. ‘పాలిటెక్నిక్‌లో చేరితే ఏడాది వెనకబడతాడు’ అని ఎవరైనా అంటే ఈ కూడిక చూపించండి. తేడా మధ్యలో ఉంది. ఇంట్లో ఇబ్బంది వచ్చి ఇంటర్ తర్వాత ఆగిపోతే చేతిలో ఉండేది ఇంటర్ సర్టిఫికెట్, దానితో చేయగల పని తక్కువ. డిప్లొమా తర్వాత ఆగిపోతే రైల్వే జూనియర్ ఇంజినీరుకు, అసిస్టెంట్ లోకో పైలట్‌కు అప్లై చేసుకోవచ్చు. ఫ్యాక్టరీలో సూపర్‌వైజరుగా చేరవచ్చు, స్టైపెండ్‌తో ఏడాది అప్రెంటిస్ చేయవచ్చు. ఇంటి సంపాదన ఒక్కరి రెక్కల మీద, అదీ పరంజాల మీద నిలబడే పని మీద ఉన్నప్పుడు, నడుమ దిగడానికి ఒక స్టేషను ఉన్న దారే నేను చెప్తాను.

ఎంపీసీని తీసిపారేయడం లేదు. సైన్యంలో అధికారి కావడానికి ఎన్డీఏ పరీక్ష రాయాలన్నా, ఫార్మసీకో సాదా డిగ్రీకో వెళ్లాలన్నా ఇంటరే రాచబాట. లెక్కలంటే ప్రాణం, ఏ కోర్సు కావాలో ఇంకా తేలలేదు అనే పిల్లలకు ఇంటరే మంచిది. కానీ దానికి 1,40,000 అక్కర్లేదు, దగ్గర్లోని ప్రభుత్వ జూనియర్ కాలేజీ చాలు. బీటెక్ ప్రవేశ పరీక్ష ఏపీ ఈఏపీసెట్ ర్యాంకులో ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉంటుంది కాబట్టి బోర్డు పరీక్ష బాగా రాసినవాడికి అక్కడా చోటు దొరుకుతుంది. మీ అబ్బాయికి కావలసినదేమిటో మాత్రం వైండింగ్ షాపు ఎప్పుడో చెప్పేసింది.

అందుకే వాడు ఐటీఐ అంటున్నాడు, ఆ మాటలో తప్పేమీ లేదు. ఎలక్ట్రీషియన్ ట్రేడు రెండేళ్లు. విశాఖ నేవల్ డాక్‌యార్డు అప్రెంటిస్ స్కూలు ఐటీఐ వాళ్లనే తీసుకుంటుంది. మన జిల్లాకు కరెంటు ఇచ్చే ఈపీడీసీఎల్‌లో 2019లో ఎనర్జీ అసిస్టెంటు (జూనియర్ లైన్‌మన్) పోస్టులకు అడిగింది పదితో పాటు ఐటీఐ ఎలక్ట్రికల్ లేదా వైర్‌మన్, లేకపోతే ఇంటర్ ఒకేషనల్‌లో ఎలక్ట్రికల్ కోర్సు. స్తంభం ఎక్కడం, మీటరు రీడింగ్ తీయడం, సైకిల్ తొక్కడం కూడా పరీక్షే. అలాంటి లైన్‌మన్ ఉద్యోగం ఒక్కటే మీవాడి కోరికైతే ఐటీఐకే వెళ్లనివ్వండి. ఇంకొంచెం పైకి చూడగలడనుకుంటే డిప్లొమాలో ఈఈఈ, అంటే ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్ బ్రాంచి మేలు. లెక్కల్లో 81, సైన్సులో 76 వచ్చినవాడు చూడగలడనే నా నమ్మకం.

తేడా మీకు తెలిసిన పనిలోనే చెప్తాను. షాపులో కాలిపోయిన మోటారు విప్పుతారు, పాత కాయిల్‌లో చుట్లు లెక్కపెడతారు, తీగ గేజి చూస్తారు, అదే గేజి తీగతో అన్నే చుట్లు చుడతారు. అది చేతిపని, ఐటీఐ దాన్ని ఇంకా పదును పెడుతుంది. అన్నే చుట్లు ఎందుకు ఉండాలి, మూడు ఫేజుల్లో ఒకటి పోతే మిగతా రెండింటి మీద మోటారు ఎందుకు వేడెక్కి కాలిపోతుంది, వోల్టేజి పడిపోయిన సాయంత్రాల్లోనే బోరు మోటార్లు ఎందుకు పోతాయి, ఈ ‘ఎందుకు’లన్నీ డిప్లొమాలో వస్తాయి. రెండూ తెలిసినవాడికి పని వెతుక్కోవలసిన అవసరం ఉండదు. ఈ మాట బాబుతో అనండి. డిప్లొమాలో చేరితే షాపు వదిలేయక్కర్లేదని తెలిస్తే సగం పేచీ తీరుతుంది.

ఇక చెన్నై చదువు. అడ్డం కాదు. సీట్లలో 85 శాతం స్థానికులవి. పది పరీక్ష రాసిన ఏడాదితో ముగిసేలా వరుసగా నాలుగేళ్లు ఈ ప్రాంతంలో చదివితే స్థానికుడే. మీవాడు ఆరు నుంచి పది దాకా అయిదేళ్లు ఇక్కడే చదివాడు, సరిపోయింది. కానీ పరిశీలనలో 4 నుంచి 10 దాకా స్టడీ సర్టిఫికెట్లు అడుగుతారు. మీ ఆయన అక్కడే ఉన్నారు కదా, ఒక పూట సెలవు పెట్టుకుని ఆ స్కూలుకెళ్లి 4, 5 తరగతుల సర్టిఫికెట్ తెమ్మనండి. అక్కడి రికార్డులో ఇంటిపేరు ముందుందా వెనకుందా, పుట్టినతేదీ ఒకటేనా చూసుకోమనండి. పది మెమోలో ఒకలా, ఆధార్‌లో ఒకలా ఉంటే మెమోను పట్టుకుని ఆధార్ కేంద్రంలో ఇప్పుడే మార్పించండి. కౌన్సెలింగ్ మొదలయ్యాక ఆ పని పెట్టుకుంటే రోజులు చాలవు. కుల ధ్రువీకరణ, ఆదాయ ధ్రువీకరణ సచివాలయంలో అప్లై చేయండి. పిల్లవాడి పేరు రేషన్ కార్డులో ఉందో లేదో కూడా ఒకసారి తిరగేసి చూడండి.

61 మార్కులకు ఏ ర్యాంకు వచ్చిందో ర్యాంకు కార్డులో ఉంటుంది. కనీస మార్కులు దాటాడు కాబట్టి అర్హత ఉన్నట్టే. ఇకపై మార్కులతో పని లేదు, ర్యాంకుతోనే. ఎక్కువమంది పిల్లలు బోల్తా పడేది పరీక్షలో కాదు, కావలసిన కాలేజీలు, బ్రాంచీలు ఆన్‌లైన్‌లో వరసగా ఎంచుకునే వెబ్ ఆప్షన్ల దగ్గర. కాబట్టి ఇది కొంచెం నిదానంగా చదవండి.

నెట్ సెంటరుకు వెళ్లే ముందే ఇంట్లో తెల్లకాగితం మీద గీతలు గీసి కాలేజీ, కాలేజీ కోడు, బ్రాంచి అని మూడు గళ్లు వేయండి. కిందటేడు ఏ కాలేజీలో ఏ బ్రాంచి ఆఖరి సీటు ఏ ర్యాంకుకు వెళ్లిందో చూపే పట్టిక దొరుకుతుంది. అందులో మీ కేటగిరీ, అబ్బాయిల వరసే చూడాలి. ఓసీ వరస చూసి ‘మనకు రాదు’ అని మానేసేవాళ్లు, అమ్మాయిల వరస చూసి ‘వచ్చేస్తుంది’ అని మురిసేవాళ్లు ఇద్దరూ ఉంటారు. ఆ పట్టిక అంచనాకే, ఈ ఏడు అటూ ఇటూ అవుతుంది. తర్వాత మీకు నిజంగా ఇష్టమైన వరసలో రాయండి. మొదట విజయనగరం ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో ఈఈఈ, తర్వాత శ్రీకాకుళం, పార్వతీపురం, విశాఖ కంచరపాలెం, వీటిలో ఈఈఈ ఉన్నచోటల్లా. దాని కింద అవే కాలేజీల్లో రెండో ఇష్టమైన బ్రాంచి, ఆ కింద రోజూ వెళ్లిరాగల ప్రైవేటు కాలేజీలు. కంప్యూటరు మీ జాబితా పైనుంచి కిందికి చూస్తూ వస్తుంది, మీ ర్యాంకుకు మొదట ఏది ఖాళీగా కనిపిస్తే అదే ఇస్తుంది. అందుకే ‘ఇది తప్పక వస్తుంది’ అని తేలిగ్గా వచ్చేదాన్ని పైన పెడితే, కింద పెట్టుకున్న మంచి సీటు చేజేతులా పోయినట్టే. పైన ఆశ ఎక్కువ పెట్టుకున్నంత మాత్రాన నష్టం లేదు. నష్టం ఆరో ఏడో ఆప్షన్లు పెట్టి ఆపేయడంలో. నలభై అయినా పెట్టండి, చేరడం ఇష్టం లేని కాలేజీని మాత్రం ఒక్కటి కూడా పెట్టకండి.

మొబైల్ నంబరు మీదే ఇవ్వండి. సెంటరు కుర్రాడు తొందరలో తన నంబరు కొట్టేస్తాడు, ఓటీపీలన్నీ అతనికి పోతాయి. మరో రోజు ఆప్షన్లు మార్చాలంటే అతని షాపు ఎప్పుడు తెరుస్తాడా అని కాచుకోవాలి. అన్నీ పెట్టాక ప్రింటు తీసుకుని, మీ కాగితంతో ఒక్కొక్క కోడూ వేలు పెట్టి సరిచూసుకున్నాకే ఫ్రీజ్ (ఖరారు) చేయమనండి. సీటు వచ్చిన తర్వాత ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ చేసి, గడువులోపు కాలేజీకి వెళ్లి కూడా రిపోర్టు చేయాలి. ఒకటి చేసి రెండోది మరిచినా సీటు పోతుంది. కౌన్సెలింగ్ వదిలేసి తర్వాత మిగిలిన సీట్లకు జరిగే స్పాట్ అడ్మిషన్లలో చేరదామనుకోకండి, స్పాట్ సీటుకు ఫీజు రీయింబర్స్‌మెంటు రాదు.

ఖర్చు చూస్తే ప్రభుత్వ పాలిటెక్నిక్ ట్యూషన్ ఫీజు ఏడాదికి 4,700, ప్రైవేటులో 25,000. రీయింబర్స్‌మెంటు ఉన్నా ఆ డబ్బు ఆలస్యంగా పడుతుంది కాబట్టి ప్రైవేటులో చేరితే ముందు మీరు కట్టాల్సి రావచ్చని లెక్కలో పెట్టుకోండి. విజయనగరంలో వస్తే హాస్టల్ అక్కర్లేదు. చీపురుపల్లి నుంచి గరివిడి, నెల్లిమర్ల మీదుగా రైలుంది, బస్సుకు స్టూడెంట్ పాస్ ఉంది. రోజూ రాకపోకలు చేసేవాడికి హాజరు ఒక్కటే గండం. 75 శాతం ఉండాలి. రైలు ఆలస్యమైందని వారానికి రెండు మొదటి పీరియడ్లు పోతే ఏడాది చివర్లో తెలుస్తుంది.

ఎచ్చెర్ల ట్రిపుల్ ఐటీ సంగతి మీరు అడగలేదు, ఎవరో ఒకరు అంటారు కాబట్టి చెప్తున్నాను. అది పది మార్కుల మీదే ఇచ్చే సీటు. జిల్లా పరిషత్ బడి పిల్లలకు 4 శాతం డిప్రివేషన్ స్కోరు, అంటే వసతులు తక్కువున్న బడి అని అదనపు మార్కులు, కలుపుతారు. అయినా 431 మీద ఆశ పెట్టుకోవద్దు.

నాకు భయమున్నది ఇంగ్లిష్‌లో 52 దగ్గర. డిప్లొమా పాఠాలూ పరీక్షలూ ఇంగ్లిష్‌లోనే. మొదటి ఏడాది పేపర్లు మిగిలిపోయేది ఎక్కువగా ఇంజినీరింగ్ మ్యాథ్స్, డ్రాయింగ్‌లో. మ్యాథ్స్‌లో త్రికోణమితి తొలి నెలల్లోనే పరుగు పెడుతుంది. పదిలో సైన్, కాస్ నిష్పత్తులు బట్టీ పట్టి గట్టెక్కినవాడు అక్కడే జారతాడు. కాలేజీ తెరిచేలోగా పది లెక్కల పుస్తకంలో ఆ రెండు అధ్యాయాలూ చూడకుండా చేయగలిగేదాకా చేయించండి. ఇంగ్లిష్‌కు ఫిజిక్స్ పాఠాల్లో కరెంటు, అయస్కాంతత్వం రోజుకు ఒక పేజీ పైకి చదివి, అర్థమైంది తన మాటల్లో నాలుగు ఇంగ్లిష్ వాక్యాలు రాయమనండి. వాడికి తెలిసిన మోటారే కాబట్టి విసుగు రాదు. డ్రాయింగ్‌కు డ్రాఫ్టరు, బోర్డు కొత్తవి కొనకండి. మొదటి ఏడాది అయిపోయిన సీనియర్లు సగం ధరకే ఇచ్చేస్తారు, చేరిన వారంలో అడిగితే చాలు.