పన్ను విరిగిన డైకి వెల్డింగ్ చేయించకు

తల్లీ,

నువ్వు పంపిన ఎయిర్ ఫిల్టర్ డై (అచ్చు) ఫొటోలు చూశాను. వాయిస్ మెసేజ్‌లు రెండేసిసార్లు విన్నాను. ఫోన్లో చెబితే నువ్వు సగం మర్చిపోతావు, నేను చెప్పిందే మళ్లీ చెబుతాను. అందుకని మధ్యాహ్నం నిద్ర మానుకుని కూర్చుని రాస్తున్నా.

"పేటెంట్ వేద్దామా పెదనాన్నా?" అని అడిగావు. వెయ్యాలా వద్దా అన్నది తర్వాత సంగతి. అసలు నువ్వు కనిపెట్టింది ఏమిటో ముందు తేలాలి. ఎందుకంటే మెసేజ్‌లో నువ్వు చెప్పింది ఒకటి, ఫొటోలో నాకు కనిపించింది ఇంకొకటి.

నువ్వు చెప్పిందేమిటి? మడతల పేపర్ ప్యాక్‌ని డైలో కూర్చోబెట్టి, చుట్టూ పీయూ (పాలీయురేథేన్ ఫోమ్) పోసి, ఫ్రేమూ సీలూ ఒకే షాట్‌లో తీస్తున్నామని. విడిగా గాస్కెట్ (సందు మూసే పట్టీ) కోసి అతికించే పని తప్పిందని. నీ యూనిట్‌కి అది కొత్తే, కాదనను. కానీ పేటెంట్ ఆఫీసులో "మాకు కొత్త" అంటే కుదరదు, లోకానికే కొత్త కావాలి. డొనాల్డ్‌సన్ వాళ్ల అమెరికా పేటెంట్ 4,720,292 తీసి చూడు. 1988లో వచ్చింది. ఇంజిన్ ఎయిర్ ఫిల్టర్‌కి మెత్తటి యురేథేన్ ఎండ్ క్యాప్ (కొసన ఉండే మూత), దాని లోపలి అంచే గొట్టం మీద బిగుసుకుని సీల్‌గా పనిచేస్తుంది. దాని గడువు ఎప్పుడో తీరిపోయింది కాబట్టి ఎవరైనా ఆ పద్ధతి వాడుకోవచ్చు. అలాగని దాన్ని మనం మళ్లీ మన పేరు మీద రాయించుకోలేం. గడువు తీరినా, ఫీజు కట్టక వదిలేసినా, ఒకసారి అచ్చయిన పేటెంట్ మన దారికి అడ్డంగా పడి ఉన్నట్టే. కాబట్టి "నేరుగా ఎలిమెంట్ (ఫిల్టర్) మీదే సీల్ మోల్డ్ చేయడం" అన్న మాట మీద ఆశ వదులుకో.

ఇక ఫొటో. డైకి ఒక పక్క దువ్వెనలాగా పళ్లున్నాయి. ఒక్కో పన్ను ఒక్కో మడత సందులోకి దిగి, పీయూ లోపలికి పాకకుండా అడ్డం నిలబడుతుంది. ఎడమ మూల దగ్గర రెండో పన్ను కొస విరిగిపోయింది, మూడు మిల్లీమీటర్లు ఉంటుందేమో. డై ఆపితే డెలివరీ తప్పుతుందని అలాగే నడిపించారు. సాయంత్రం చూస్తే, ఎప్పుడూ గుంటలు పడే ఆ మూల నున్నగా వచ్చింది. ఈ ముక్క నువ్వు నాలుగో మెసేజ్ చివర్లో, "అన్నట్టు" అంటూ చెప్పావు. నేను మాత్రం అక్కడే ఆగిపోయాను.

ఎందుకలా జరిగింది? నాకు తోచింది చెబుతాను. పీయూ తయారయ్యే రెండు ద్రవాలు, పాలియాల్, ఐసో (ఐసోసయనేట్) కలిసి డైలో పడ్డాక ఫోమ్ పొంగుతూ ముందున్న గాలిని తోసుకుంటూ పోతుంది. మూల చివరిది. తోసుకొచ్చిన గాలంతా అక్కడ చేరుతుంది. బయటికి దారి లేకపోతే అక్కడే ఉండిపోయి గుంట పడుతుంది. మామూలుగా ఏం చేస్తాం? డైకి గాలి రంధ్రం వేస్తాం, అందులోకి ఫోమ్ పోయి తోకలా గట్టిపడుతుంది, దాన్ని బ్లేడుతో కోసుకుంటూ కూర్చుంటాం. కానీ నీ డైలో పక్కనే ఇంకో దారి ఉంది. ఫిల్టర్ పేపరే! గాలిని పోనివ్వడమే దాని పని. పళ్లు దాన్ని కొసదాకా మూసి పట్టుకున్నంతకాలం ఆ దారి బంద్. పన్ను విరిగినచోట కాస్త పేపర్ బయటపడింది, గాలి అందులోంచి జారుకుంది, వెనకే వచ్చిన ఫోమ్ అప్పటికే చిక్కబడి పేపర్ దగ్గర ఆగిపోయింది.

ఇది నా ఊహ మాత్రమే. ఆ రోజు డై కాస్త వేడెక్కి ఉండొచ్చు. కుర్రాడు పోయడం ఆ మూల నుంచి మొదలుపెట్టి ఉండొచ్చు. పేపర్ పొడిగా ఉండి ఉండొచ్చు. వానాకాలంలో పేపర్ తేమ పీల్చుకుంటుంది, ఆ నీరు ఐసోతో కలిసి కార్బన్ డయాక్సైడ్ పుట్టిస్తుంది, అక్కర్లేని చోట బుడగలొస్తాయి. జులైలో నువ్వు ఏడ్చిన ఏడుపంతా అదే. ఓవెన్‌లో ఆరబెట్టకుండా పోశారని అప్పుడే చెప్పాను.

కాబట్టి ముందు కారణం పట్టుకో. ఎదురు మూలలో ఇంకో పన్నుని అంతే పొట్టిగా అరగదీయించు. ఒకే డ్రమ్ము మెటీరియల్, ఒకే రోజు, ఇరవై పీసులు తియ్యి. పళ్లు మొత్తం ఉన్న డైలో ఇంకో ఇరవై. తర్వాత అసలు పరీక్ష: పన్ను పొట్టిగా ఉన్నచోట, బయటపడిన ఆ మూడు మిల్లీమీటర్ల పేపర్ మీద సెల్లోటేప్ అంటించి పోయించు. గుంట మళ్లీ వచ్చిందనుకో, గాలి పేపర్లోంచే పోతోందని నీ చేతిలో సాక్ష్యం ఉన్నట్టు. రాలేదనుకో, నా ఊహ తప్పు, ఇంకో కారణం వెతుకుదాం. అన్ని పీసులూ మూలల దగ్గర బ్లేడుతో నిలువుగా కోసి చూడు, పైకి నున్నగా ఉన్నంత మాత్రాన నమ్మకు. ఫోమ్ మడతలోకి ఎంత పాకిందో స్కేలు పెట్టి కొలువు. సీల్ మీద గట్టిదనం కొలిచే షోర్ మీటర్ మూలలో ఒకసారి, మధ్యలో ఒకసారి పెట్టు. మూల మరీ గట్టిగా వస్తే హౌసింగ్‌లో (ఫిల్టర్ కూర్చునే డబ్బాలో) సరిగా నొక్కుకోదు, దుమ్ము పక్కనుంచి దూరుతుంది. డై వేడి, గది తేమ, బ్యాచ్ నంబరు, తేదీ అన్నీ నోట్‌బుక్కులో పెన్నుతో రాయి. ఎక్సెల్లో తర్వాత ఎక్కించుకో.

ఇదంతా ఎందుకంటే, పేటెంట్ నిలబడేదీ పడిపోయేదీ ఈ "ఎందుకు" దగ్గరే. నీకు మీర్జాపూర్ కథ చెప్పాలి. అక్కడ ఇత్తడి, జర్మన్ సిల్వర్ గిన్నెలు చేసే ఒక సంస్థ 1951లో ఒక పేటెంట్ తీసుకుంది. గిన్నెను లేత్ మీద తిప్పుతూ పాలిష్ పట్టేటప్పుడు అది ఎగిరిపోయేది, పనివాళ్లకి ప్రమాదం. వీళ్లు దాన్ని రెండోవైపు నుంచి కూడా నొక్కిపట్టే ఏర్పాటు చేశారు. అదే ఊళ్లో ఇంకో సంస్థ అదే చేస్తే కేసు వేశారు. అలహాబాద్ హైకోర్టులో మొదట ఓడి, అప్పీల్లో గెలిచారు. 1978లో సుప్రీంకోర్టు ఆ పేటెంట్‌ని కొట్టేసింది. బిశ్వనాథ్ ప్రసాద్ రాధేశ్యాం కేసు అంటారు, ఇప్పటికీ మన దేశంలో పేటెంట్ మాట వస్తే దీన్నే ముందు తీస్తారు. లేత్ రెండు కొసల్లో ఉండే హెడ్‌స్టాక్, టెయిల్‌స్టాక్ మధ్య పనిముక్కను బిగించడం లేత్ పుట్టినప్పటి నుంచీ ఉన్నదే, ఇది వర్క్‌షాప్‌లో చేసుకునే చిన్న మెరుగు మాత్రమే అన్నది కోర్టు. అక్కడ పెట్టిన పరీక్ష నాకు బాగా నచ్చుతుంది. ఆ పని బాగా తెలిసినవాడికి, నీ పరిష్కారం తెలియకుండా, నీ సమస్యనూ పాత కాగితాలనూ ఇస్తే, "ఆ, నాకు కావాల్సింది ఇందులోనే ఉంది" అంటాడా? అంటే నీ పేటెంట్ లేదు.

ఇప్పుడు మన దువ్వెనని ఆ పనివాడి ముందు పెట్టు. "పన్ను పొట్టిగా ఉంటే ఫోమ్ కాస్త లోపలికి పోయి గట్టిగా పట్టుకుంటుంది" అని రాశావనుకో, బాలానగర్‌లో ఏ ఫిట్టర్ని లేపి అడిగినా ఆ మాట చెబుతాడు. అది పోతుంది. అదే, "మూలలో గుంట పడుతోంది, ఏం చేద్దాం?" అని అడుగు. గాలి రంధ్రం వెయ్యమంటాడు, డై వంచి పెట్టమంటాడు, పోసే చోటు మార్చమంటాడు. లీకేజీ ఆపడానికి పెట్టిన పళ్లనే కత్తిరించమని మాత్రం అనడు. ఫోమ్ మొత్తం మడతల్లోకి పోతుందని భయపడతాడు. నేనైనా అదే అనేవాణ్ణి, నలభై ఏళ్లు డైలు చేసినవాణ్ణి. అందరూ ఒక పక్కకి లాగే చోట నువ్వు రెండో పక్కకి వెళ్లి ఫలితం సాధించావంటే, దానికి లెక్కలు చూపించగలిగితే, మన పేటెంట్ చట్టంలో ఇన్వెంటివ్ స్టెప్ అనే మాటకి దగ్గరగా వచ్చినట్టు. సెక్షన్ 2(1)(జేఏ) చదువు. సాంకేతికంగా ముందడుగో, ఆర్థికంగా విలువో ఉండాలి, దానితోపాటు ఆ పని తెలిసినవాడికి తేలిగ్గా తట్టకూడదు. స్క్రాప్ తగ్గి డబ్బు మిగిలిందని మొదటిది చూపించొచ్చు. రెండోది లేకపోతే మొదటిది ఎంతున్నా చాలదు.

పాత పేటెంట్లు వెతకడం నువ్వే చెయ్యి, పేటెంట్ ఏజెంట్‌కి అప్పజెప్పి కూర్చోకు. నీకు ఎలిమెంట్ తెలుసు, అతనికి కాగితం తెలుసు. గూగుల్ పేటెంట్స్, ఎస్పాస్‌నెట్, మన ఇన్‌పాస్, పేటెంట్లు వెతికే ఈ మూడు సైట్లూ ఉచితమే. "ఫిల్టర్ సీల్" అని కొడితే సముద్రంలో పడతావు. పేటెంట్లని విషయాన్ని బట్టి క్లాసుల నంబర్లతో విడదీస్తారు. మడతల ఫిల్టర్లకి బి01డి 46/52, లోపల వస్తువు పెట్టి చుట్టూ ఫోమ్ పోయడానికి బి29సి 44/12, ఈ రెండు క్లాసులూ కలిపి, "వెంట్", "పోరస్" లాంటి మాటలతో చూడు. బొమ్మలు ముందు చూడు. ఇంకో మాట, చాలామంది క్లెయిమ్‌లు, అంటే "మా హక్కు ఇదీ" అని రాసుకున్న వాక్యాలు, మాత్రమే చదివి "మనది ఇందులో లేదు" అనుకుని సంబరపడతారు. వివరణలో ఎక్కడో ఒక మూల, గాలి పేపర్‌లోంచి బయటికి పోతుంది అని ఒక్క వాక్యం ఉన్నా అది నీ మీదకి వస్తుంది. జర్మన్, జపాన్ కాగితాలు వదలకు, అనువాదం అక్కడే బటన్ నొక్కితే వస్తుంది. పనిలో పనిగా ఆటోనగర్ వెళ్లి పాత ప్యానెల్ ఫిల్టర్లు ఒక బస్తా తెచ్చి మూలలు కోసి చూడు. ఎవరి డైలోనైనా పొట్టి పళ్లుంటే సీల్ కింద వాటి గుర్తులు కనిపించాల్సిందే.

ఆ గుర్తుల దగ్గరే ఇంకో సంగతి. దీన్ని రహస్యంగా ఉంచుకుంటే చాలదా అని మీ ఆయన అన్నాడని చెప్పావు. మంచి ప్రశ్నే. ఫార్ములా అయితే, డై వేడి అయితే దాచుకోవచ్చు. కానీ పన్ను ఎంత పొడవుందో నీ ఫిల్టర్ మీదే అచ్చు పడుతుంది. పక్కవాడు ఒకటి కొనుక్కెళ్లి కోస్తే సాయంత్రానికి తెలిసిపోతుంది. కాబట్టి రహస్యం నిలవదు. ఇదే మనకి లాభం కూడా. పద్ధతి మీద మాత్రమే పేటెంట్ తీసుకుంటే, వాడి షెడ్డులో ఏం చేస్తున్నాడో నువ్వెలా చూస్తావు? ఫిల్టర్ మీదే జాడ ఉంటుంది కాబట్టి, పద్ధతితోపాటు ఆ ఆకారం ఉన్న ఎలిమెంట్ మీద కూడా క్లెయిమ్ రాయించు. ఏజెంట్ మర్చిపోతే గుర్తు చెయ్యి.

అప్లికేషన్ పడేదాకా ఎవరికీ చూపించకు. నేను ఒకసారి దెబ్బ తిన్నాను. సీల్ లోపలి గాడి చిరగకుండా ఊడివచ్చే చీలిక రింగు ఒకటి చేశాను, ఎంతో ముచ్చటపడి ఒక పెద్ద కస్టమర్ వాళ్ల ప్లాంటుకి పట్టుకెళ్లి పదిమంది ముందు విప్పి చూపించాను. కాఫీ ఇచ్చారు, శెభాష్ అన్నారు. ఆర్నెల్ల తర్వాత అదే రింగు ఇంకో టూల్ రూమ్‌లో తయారవుతోంది. లాయర్ దగ్గరికి వెళ్తే, "నలుగురికీ చూపించాక ఇంకేముందండీ" అన్నాడు. మీ పెద్దమ్మ ఇప్పటికీ ఆ కాఫీ ఖరీదు ఎంతో అడుగుతుంది. ఎగ్జిబిషన్‌లో చూపించినా ఏడాది గడువుంటుందని ఎవరో నీకు చెప్పారట. అది ప్రభుత్వం గెజిట్‌లో ప్రకటించిన ఎగ్జిబిషన్లకే, కస్టమర్ మీటింగులకి కాదు. పొట్టి పళ్ల డైలో తీసిన పీసులు ఒక్కటి కూడా బయటికి పంపకు. ఆ రోజు పన్ను విరిగాక తీసిన లాటు వెళ్లిపోయిందా, స్టోర్‌లోనే ఉందా? ఇది నాకు వెంటనే చెప్పు. వెళ్లిపోయి ఉంటే ఆ సంగతి ఏజెంట్‌కి మొదటి రోజే చెప్పాలి, దాచొద్దు.

డబ్బు గురించి టెన్షన్ పడకు. ఉద్యమ్ (చిన్న పరిశ్రమల) రిజిస్ట్రేషన్ ఉంది కాబట్టి చిన్న సంస్థ కింద ఆన్‌లైన్‌లో అప్లికేషన్‌కి 1600 రూపాయలు, ఎగ్జామినేషన్‌కి 4000. ఏజెంట్ ఫీజు వేరే, అదే ఎక్కువ. మనకి చెన్నై ఆఫీసు. ముందు ప్రొవిజనల్ (తాత్కాలిక అప్లికేషన్) వేస్తే పూర్తి స్పెసిఫికేషన్‌కి (పూర్తి వివరాల కాగితానికి) 12 నెలలు టైముంటుంది. కానీ ప్రొవిజనల్ అంటే అరపేజీ కాదు. టేపు పరీక్ష ఫలితం అందులో ఉండాలి, పన్ను ఎంత పొడవు నుంచి ఎంత పొడవు దాకా పనిచేస్తుందో ఉండాలి. అందులో లేనిదానికి ప్రొవిజనల్ వేసిన తేదీ దక్కదు.

కనిపెట్టినవాళ్ల పేర్లు రాసేచోట కాస్త ఆగు. పన్ను విరగడం ఎవరి గొప్పా కాదు. కానీ ఆ మూల బాగా వచ్చిందని ముందు గమనించి, అది విరిగిన పన్ను వల్లేనని నీతో అన్నది ఆ రెండో షిఫ్ట్ కుర్రాడేనని నీ మెసేజ్‌లోనే ఉంది. అది నిజమైతే అతని పేరు నీ పేరు పక్కన ఉండాలి. హక్కులు కంపెనీకి రాసివ్వడం వేరే కాగితం, అది అతనితో కూర్చుని మాట్లాడి, సంతకం పెట్టించుకో. నా పేరు మాత్రం వద్దు. పేపర్‌లోంచి గాలి పోతుందన్న ఊహ నాది అంటావేమో, టేపు అంటించి అది నిజమో కాదో తేల్చాక మాట్లాడుకుందాం.

ఆదివారం పొద్దున్నే వస్తున్నా. నా పాత వెర్నియర్ తెస్తాను. డైని టూల్ రూమ్‌కి పంపి ఆ పన్నుకి వెల్డింగ్ చేయించేస్తారేమోనని భయంగా ఉంది, పక్కన పెట్టించు. విరిగిపడిన ముక్క దొరికితే అదీ ఒక కవర్లో వేసి, తేదీ రాసి ఉంచు.

నీ
పెదనాన్న