ఇద్దరి మధ్యకు మూడో మనిషి వచ్చాక...

ప్రశ్న: మాది కడప. నాకు 37 ఏళ్లు. పక్కింటి అక్కతో పదకొండేళ్ల స్నేహం. వాళ్లు ముస్లింలు, మేము హిందువులం. ఏనాడూ ఆ తేడా తెలియలేదు. ప్రతి ఉగాదికీ ఇద్దరం కలిసే దేవుని కడపకు పోయేవాళ్లం. రెండేళ్ల కిందట రాయచోటి నుంచి ఒకామె మా వీధికి కాపురం వచ్చింది. అక్కే నాకు పరిచయం చేసింది, మా పొదుపు సంఘంలోనూ చేర్పించింది. రానురాను వాళ్లిద్దరూ ఒకటయ్యారు. బజారుకు పిలిస్తే కోపంతో రెండు మూడుసార్లు పనుందని తప్పించుకున్నాను. మొన్న ఉగాదికి నాతో మాట మాత్రం చెప్పకుండా వాళ్లిద్దరే గుడికి పోయారు. స్టేటస్‌లో ఫొటో చూసి ఏడ్చేశాను. మా ముగ్గురి వాట్సాప్ గ్రూపులో నెలలుగా మాటల్లేవు, వాళ్లిద్దరూ విడిగా మాట్లాడుకుంటున్నారు. నాకు నిద్ర పట్టడం లేదు. మా ఆయన 'వాళ్లతో మానెయ్, కావాలంటే వాళ్లాయనతో నేను మాట్లాడతా' అంటున్నాడు. సంఘం నుంచి తప్పుకుందామని ఉంది. మా పాప, అక్క కూతురు ఒకే క్లాసు. పాపను వాళ్లింటికి పంపబుద్ధి కావడం లేదు. నాది ఉత్త అసూయేనా?

జవాబు: అసూయ కొంత ఉందమ్మా, దానికి సిగ్గుపడాల్సిన పని లేదు. కానీ మీ ఉత్తరంలో ఎక్కువ కనిపించేది దుఃఖం. ఇంట్లో ఎవరైనా పోతే నలుగురూ వచ్చి పలకరిస్తారు. మొగుడూ పెళ్లాలు పోట్లాడుకుంటే పెద్దలు కూర్చుని సర్దిచెబుతారు. పదకొండేళ్ల స్నేహం సడలితే మాత్రం పలకరించేవాళ్లు ఉండరు, పైగా 'ఇంత చిన్న విషయానికా' అంటారు. ఇది చిన్న విషయం కాదు. దేవుని కడప వెంకటేశ్వర స్వామిని ముస్లిం ఆడపడుచుగా చెప్పుకునే బీబీ నాంచారమ్మ భర్తగా, తమ ఇంటి అల్లుడిగా తలచి ఉగాదినాడు ముస్లింలు కూడా దర్శనానికి వచ్చే ఊరు మనది. ఆ రోజు ఆ గుడికి మీరిద్దరూ కలిసి వెళ్లడంలో మీ స్నేహమంతా ఉంది. మీరు లేకుండా వాళ్లు వెళ్లారంటే మీకు కడుపు తరుక్కుపోవడం న్యాయమే.

అయితే ఇందులో ఎవరి బుద్ధి చెడ్డదో వెతికే ముందు ఒక విషయం ఆలోచించండి. ఇద్దరి స్నేహం, ముగ్గురి స్నేహం వేర్వేరు రకాలు. జర్మనీకి చెందిన సామాజిక శాస్త్రవేత్త జార్జ్ జిమ్మెల్ 1908లోనే దీన్ని వివరంగా రాశాడు. ఇద్దరే ఉన్న చోట ఆ బంధమంతా ఆ ఇద్దరి మీదే ఆధారపడుతుంది. ఒక్కరు తప్పుకుంటే ఇక ఏమీ మిగలదు. ఆ భయంవల్లే అక్కడ అంత దగ్గరతనం ఉంటుంది, అంత పట్టింపూ ఉంటుంది. మూడో మనిషి రాగానే లెక్క మారిపోతుంది. ఆ మూడో మనిషి ఇద్దరి మధ్య తగవు తీర్చవచ్చు, ఆ తగవువల్ల తాను లాభపడవచ్చు, కావాలని తగవు పెట్టనూ వచ్చు. అంతకంటే మామూలుగా జరిగేది ఇంకొకటుంది. ముగ్గురిలో ఎప్పుడూ ఎవరో ఇద్దరు కాస్త దగ్గరవుతారు, ఒకరు కాస్త పక్కకు జరుగుతారు. ఈ రోజు మీరు పక్కన ఉన్నారు. మొదట్లో ఎవరున్నారు? కొత్త ఊరికి వచ్చి, మీ ఇద్దరి తొమ్మిదేళ్ల ముచ్చట్ల మధ్య ఏ మాటా అందక కూర్చున్నది ఆమే కదా!

ముగ్గురి మధ్య మూడు జతలు ఉంటాయి. మీరూ అక్కా ఒక జత, అక్కా ఆమే ఇంకొకటి, మీరూ ఆమే మూడోది. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆ మూడో జత గురించి ఒక్క మాటా లేదు. ఆమె ఇంటికి మీరు విడిగా వెళ్లారా, ఆమె పిల్లల పేర్లు తెలుసా, రాయచోటి వదిలి ఎందుకు రావాల్సి వచ్చిందో అడిగారా? రెండేళ్లుగా ఆమెను అక్క పక్కనే చూశారు తప్ప, ఒక మనిషిగా మీరు కలవలేదని నాకు అనిపిస్తోంది. ఆ మూడో జత అల్లుకోకపోతే ఈ ముగ్గురి స్నేహం ఎప్పటికీ అక్క చుట్టూ ఇద్దరి పోటీగానే ఉంటుంది. అది అక్కకూ నరకమే.

ముందు అక్కతో మాట్లాడండి. ఒంటరిగా, ఎదురుగా కూర్చుని. ఫోన్లో వద్దు, మెసేజ్‌లో అసలే వద్దు. 'అక్కా, ఉగాదికి నన్ను పిలవలేదు, నాకు చాలా బాధేసింది' అనండి. అంతే, అక్కడ ఆగండి. 'ఆమె వచ్చినప్పటి నుంచి నువ్వు మారిపోయావు' అని మాత్రం అనకండి. ఆ మాట అన్న క్షణం అక్క తన గురించి చెప్పుకోవడం మానేసి ఆమెను వెనకేసుకొస్తుంది. మీరు చెప్పదలచుకున్న బాధ పక్కకు పోతుంది. అక్క ఏం చెప్పినా చివరిదాకా వినండి. బజారుకు పిలిచినప్పుడల్లా మీరు రానన్నారు కదా, ఇక పిలిచినా రారని అనుకుని ఉండవచ్చు. నిజంగానే నిర్లక్ష్యం చేసి ఉండవచ్చు కూడా. ఏదైనా ఆమె నోటితోనే వినాలి. స్టేటస్ ఫొటోలు చూసి మీకు మీరే కథ అల్లుకోకూడదు.

వాళ్లిద్దరూ విడిగా చాటింగ్ చేసుకోవడం కుట్ర కాదు. కొత్తామె రాకముందు మీరూ అక్కా గంటలకొద్దీ మాట్లాడుకున్నారు కదా. ఆ తర్వాత కొత్తామెకు ఏదో ఒక చిన్న పని చెప్పండి, లేదా ఆమె పనికి తోడు వెళ్లండి. టైలర్ దగ్గరికో, ఆస్పత్రికో, అక్క లేకుండా మీరిద్దరే. ఒకసారితో ఏమీ అయిపోదు. నాలుగైదుసార్లు అయ్యాక కూడా ఆమె మీకు నచ్చకపోతే నచ్చలేదనుకోండి, పరవాలేదు.

ఇంకో మాట నిజాయితీగా చెప్పాలి. పాత రోజులు అచ్చం అలాగే తిరిగి రాకపోవచ్చు. అక్క మనసులో ఇప్పుడు ఇంకొకరికీ చోటుంది. దాన్ని ఖాళీ చేయించాలని చూస్తే మీకున్న చోటూ పోతుంది.

సంఘం విషయానికొస్తే, తప్పుకోవద్దు. ఈ విషయంలో నేను గట్టిగా చెబుతున్నాను. ఒకటి, బ్యాంకు లోను సంఘం పేరున ఉంటుంది, బాధ్యత అందరిదీ. మధ్యలో మీరు బయటికొస్తే వీధిలో డబ్బు గొడవ అనే ప్రచారమవుతుంది, మీ బాధ ఎవరికీ అర్థం కాదు. రెండోది నాకు ఇంకా ముఖ్యమనిపిస్తుంది. పదిమంది ఉన్న సంఘంలో లెక్క వేస్తే 45 జతలు ఉంటాయి. వాటిలో తొమ్మిది మీవే. మీరు ఇన్నేళ్లూ ఒక్కదాన్నే చూసుకున్నారు. మిగతావాళ్లలో మీతో మాట్లాడాలని చూస్తున్నవాళ్లు ఎవరైనా ఉన్నారేమో గమనించండి. పైగా పొదుపు సంఘానికి నియమాలుంటాయి. మీటింగ్ రోజు, పొదుపు, అప్పు, వాయిదా, పుస్తకాలు అన్నీ ఒక పద్ధతిలో నడుస్తాయి. ఎవరికి ఎవరు ఇష్టమో అన్నదానితో పని లేకుండా అందరూ గుండ్రంగా కూర్చుంటారు. మనసు కలత పడిన రోజుల్లో మనిషికి అలాంటి చోటు చాలా అవసరం. అక్కకు దూరంగా ఒక మూల కూర్చోకండి, ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చోండి.

మీవారికి మీ మీద ప్రేమ ఉంది, అందుకే మాట్లాడతానంటున్నారు. కానీ ఆపండి. మగవాళ్లు దిగితే ఇది రెండు ఇళ్ల తగాదా అవుతుంది, ఆపై రెండు మతాల మాటలు కూడా ఎవరైనా మధ్యలో తేవచ్చు. ఆయన్ని అడగాల్సింది తీర్పు కాదు, వినడం. 'నువ్వేమీ చేయొద్దు, పది నిమిషాలు విను చాలు' అని చెప్పండి. మళ్లీ రోజూ రాత్రి అదే విషయం తీయకండి, ఆయనకూ విసుగొస్తుంది. నిద్ర లేకపోవడం రెండు మూడు వారాలు దాటితే, లేదా ఏ పనీ చేయబుద్ధి కాకపోతే డాక్టరును కలవండి. 14416 నంబరుకు ఫోన్ చేస్తే టెలిమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవలోని కౌన్సెలర్లు ఉచితంగా తెలుగులోనే మాట్లాడతారు.

ఇక పాప. అమెరికాకు చెందిన చార్లెస్ కూలీ అనే సామాజిక శాస్త్రవేత్త 1909లో, మనిషి స్వభావం మొదట తయారయ్యేది మూడు చోట్ల అన్నాడు: ఇల్లు, పిల్లల ఆటల గుంపు, ఇరుగుపొరుగు. మీ పాపకు అక్క కూతురు ఆ మూడింటిలో రెండు. మీరు పదకొండేళ్లు అనుభవించినదాన్ని మీ పాప ఇప్పుడే మొదలుపెడుతోంది. మీ గొడవ పాపకు చెప్పకండి, వాళ్లింట్లో ఏం మాట్లాడుకున్నారో ఆరా తీయకండి. ఈ సాయంత్రం అడిగితే మామూలుగానే పంపండి.