బొమ్మ లేని బొమ్మలో కథ

హైదరాబాద్

తమ్ముడూ,

నీ కథ చదివాను. మాసబ్ ట్యాంక్‌లో ఫైన్ ఆర్ట్స్ చదివే కుర్రాడు, వాడు వేసిన అబ్‌స్ట్రాక్ట్ పెయింటింగ్ (మనిషో చెట్టో అని పోల్చుకునే రూపం లేని, రంగులూ గీతల బొమ్మ), దాని ముందు ఏమీ పాలుపోక నిలబడ్డ నాన్న. మంచి సరుకు దొరికింది నీకు. కానీ ఆ కుర్రాడు ఎరుపంటే కోపం, నీలమంటే ఒంటరితనం అని నాన్నకు పాఠం మొదలుపెట్టగానే కథలో ప్రాణం పోయింది. ఆ పేజీ మొత్తం కొట్టెయ్.

"ఇందులో కథేదిరా?" అని నాన్న అడిగిన ప్రశ్న మాత్రం ఉంచు. అది అమాయకపు ప్రశ్న అనుకోకు. మన దగ్గర బొమ్మ ఎప్పటినుంచో కథ చెబుతూనే ఉంది. చేర్యాల నకాషీ పటమే చూడు. గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు పట్టించి, ఎర్రటి నేల మీద వరసలు వరసలుగా బొమ్మలు వేస్తారు. కూనపులివాళ్లు పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పేటప్పుడు ఆ పటాన్ని చూపిస్తూ, పాడుతూ పోతారు. బొమ్మ పక్కన ఒక గొంతు ఉంటుంది. నాన్న వెతుకుతున్నది ఆ గొంతునే. కొడుకు కాన్వాస్ పక్కన అది లేదు.

మరి కథ ఎక్కడుంది? నా మటుకు నాకు, ఆ రంగుకు ఏం జరిగిందో అదే కథ. ఏది ముందు పడింది, దాన్ని ఏది కప్పింది, చెయ్యి ఎక్కడ తడబడింది, ఎక్కడ ఆగింది. మన దేశపు అబ్‌స్ట్రాక్ట్ చిత్రకారుడు గైతోండే రోలర్‌తో రంగు పరిచేవారు, పాలెట్ నైఫ్ అనే పలచటి కత్తితో తీసేసేవారు, కాగితం ముక్కలు అద్ది లేపేవారు. అందుకే ఆయన చిత్రాల్లో అడుగు పొర ఎక్కడో ఒకచోట మసగ్గా పైకి తేలుతుంది. దాచిపెట్టిన సంగతి బయటపడటం అంటే కథే కదా.

డచ్ చిత్రకారుడు మోండ్రియాన్ సంగతి ఇంకా గొప్పది. ఏళ్ల తరబడి తెల్లటి నేల మీద నల్ల గీతలు గీసిన మనిషి. యుద్ధ భయంతో పారిస్ వదిలి లండన్, అక్కడ బాంబులు పడుతుంటే 1940లో న్యూయార్క్ చేరాడు. అప్పటికి 68 ఏళ్లు. అక్కడి బూగీ వూగీ సంగీతం మీద పిచ్చి ఇష్టం. 1942-43లో వేసిన 'బ్రాడ్‌వే బూగీ వూగీ'లో ఒక్క నల్ల గీత లేదు. అన్నీ పసుపు గీతలు, వాటి మీద గంతులేస్తున్నట్టు చిన్న చిన్న గడులు. ఆ వయసులో ఒక మనిషి బతుకు ఎలా మలుపు తిరిగిందో ఒక్క మొహం కూడా వేయకుండా చెప్పాడు!

మన హైదరాబాద్ చిత్రకారుడు సూర్యప్రకాశ్ గారు వేసిన కొలనుల బొమ్మలు కూడా వీలైతే చూడు. పూర్తి అబ్‌స్ట్రాక్ట్ అనలేం గానీ, దగ్గరికి వెళ్లేకొద్దీ నీళ్లు మాయమై రంగే మిగులుతుంది.

మాదాపూర్ స్టేట్ గ్యాలరీలో ఎగ్జిబిషన్ ఉన్నప్పుడు వెళ్లు. బొమ్మ పక్కనున్న వివరాల చీటీ ముందే చదవకు. ఒక్క చిత్రం ఎంచుకుని, ఎదురుగా చూశాక పక్కకు వచ్చి అంచు చూడు. కాన్వాస్ మడిచిన చోట మొదటి పూతలు, కారి ఎండిపోయిన చారలు దొరుకుతాయి. నోట్‌బుక్‌లో క్రియలే రాసుకో: కారింది, ఆగింది, గీకారు, కప్పారు. 'శూన్యం', 'వేదన' లాంటి మాటలు వస్తే టెన్షన్ పడకు, రాసి కొట్టెయ్.

ఇప్పుడు నీ కథకు వద్దాం. నాన్న ఇళ్లకు రంగులేసే పెయింటర్ అని రెండో పేజీలో రాసి, తర్వాత మర్చిపోయావు. జీవితమంతా లప్పం పెట్టి, ప్రైమర్ కొట్టి, కోటు ఆరేదాకా బీడీ కాలుస్తూ కూర్చున్న మనిషి ఆ కాన్వాస్ ముందు అంత తెల్లమొహం వేస్తాడా? కొడుకు చెప్పని సంగతి ఆయన కంటికే ముందు పడుతుంది. పగుళ్ల మీద వేలు పెట్టి, "కింది కోటు ఆరకముందే పైకోటు వేశావు. ఎందుకురా అంత తొందర?" అని అడిగించు. కొడుకు ఏం జవాబిస్తాడో చదవాలని ఉంది. ఉగాదిలోగా పంపు.

మీ అన్న