బూజు మాత్ర వద్దట, బూజు ఊరగాయ ముద్దట!

ప్రశ్న: మాస్టారూ, మా మామగారికి 72 ఏళ్లు. కొలెస్ట్రాల్ ఎక్కువగా ఉందని డాక్టరుగారు అటోర్వాస్టాటిన్ రాశారు. అది బూజులోంచి తీసిన మందని ఎవరో వీడియో పంపారు. అప్పట్నుంచి "కుళ్లిన సరుకు నా చేత మింగిస్తారా" అని మాత్ర ముట్టడం లేదు. అదే మనిషి ఆవకాయ మీద తెల్లగా బూజు కడితే గరిటెతో పక్కకు తోసి, "ఇది పెన్సిలినమ్మా, మంచిదే" అని కలుపుకుని తింటారు. ఆయనకు ఏం చెప్పమంటారు?
– ఒక కోడలు, తెనాలి

జవాబు: అమ్మా, మీ మామగారు రెండు విషయాలనూ తలకిందులుగా పట్టుకున్నారు. ముందు మాత్ర సంగతి. డాక్టరును అడగకుండా మానడం తప్పు. కండరాల నొప్పులో మరొకటో ఉంటే చెప్పుకోవాల్సింది ఆయనకే గానీ వీడియోలు పంపేవాళ్లకు కాదు. నేనూ ఆరేళ్లుగా రాత్రి భోజనం కాగానే ఇదే మాత్ర వేసుకుంటున్నాను. అందులో బూజు రవ్వంత కూడా ఉండదు, మొత్తం ఫ్యాక్టరీలో రసాయనాలతో చేసిందే. అలాగని వీడియో పూర్తిగా అబద్ధమనీ అనలేను. స్టాటిన్లు అనే ఈ మందుల వంశానికి మూలపురుషుడు బూజే.

ఉత్తర జపాన్‌లోని అకితాలో రైతుల ఇంట పుట్టిన అకిరా ఎండోకు చిన్నప్పట్నుంచీ పుట్టగొడుగులన్నా బూజులన్నా ఇష్టం. టోక్యోలో సాంక్యో అనే మందుల కంపెనీలో పనిచేస్తూ 1971లో ఒక ఊహ పట్టుకుని బయల్దేరారు. బూజుకు కాళ్లు లేవు, కోరలు లేవు. పక్కన పెరిగే శత్రువును ఆపాలంటే విషం చిమ్మాల్సిందే. శత్రువు కూడా బూజే అయితే, దాని కణాల పొర నిలబడటానికి కొలెస్ట్రాల్ లాంటి పదార్థమొకటి కావాలి. ఆ తయారీని దెబ్బకొట్టే విషం ఏదో ఒక బూజు దగ్గర ఉండి తీరుతుందని ఆయన లెక్క. రెండేళ్లలో ఆరు వేల రకాల దాకా పరీక్షించారు. చివరికి క్యోటోలో ఓ ధాన్యం కొట్లోని బియ్యం నుంచి వచ్చిన నీలి ఆకుపచ్చ బూజు, పెనిసిలియం సిట్రినం, పని చేసింది. అందులోంచి 1973లో తీసిన పదార్థమే కాంపాక్టిన్.

తీరా ఎలుకలకు పెడితే వాటి కొలెస్ట్రాల్ తగ్గలేదు. ఇంకెవరైనా అక్కడితో ఫైలు మూసేసేవారేమో. ఎండో దృష్టి గుడ్లు పెట్టే కోళ్ల మీద పడింది. గుడ్డులో అంత కొలెస్ట్రాల్ ఉందంటే కోడి రక్తంలోనూ దండిగా ఉండాలి కదా! మేతలో మందు కలిపి పెడితే దాదాపు సగానికి దిగింది. ఈ కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఈ కోళ్ల ముక్కే.

ఇది పనిచేసే తీరు మన పల్లె బస్సులో చూడొచ్చు. బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు పట్టేస్తాం చూడండి, అలాగన్నమాట. కాలేయంలో కొలెస్ట్రాల్ తయారుచేసే ఎంజైములో ముడిసరుకు కూర్చోవాల్సిన సీటు ఒకటుంది. ఈ మందు అచ్చం ముడిసరుకులా కనిపించి అందులో కూర్చుంటుంది. తయారీ తగ్గేసరికి కాలేయం తన అవసరానికి రక్తంలోని కొలెస్ట్రాల్‌ను లాక్కుంటుంది.

1987లో అమెరికాలో అనుమతి పొందిన మొదటి స్టాటిన్, లోవాస్టాటిన్, మరో బూజు నుంచి వచ్చింది: ఆస్పర్జిల్లస్ టెర్రియస్. ఆ అణువులో సీటు పట్టే కొసను చూసుకుని రసాయన శాస్త్రవేత్తలు తర్వాత కట్టినవాటిలో మీ మామగారి మాత్ర ఒకటి.

ఇక ఊరగాయ. కాంపాక్టిన్ ఇచ్చిన ఆ పెనిసిలియం సిట్రినమే సిట్రినిన్ అనే ఇంకో పదార్థాన్నీ చేస్తుంది. అది మూత్రపిండాలకు విషం. ఒకే బూజు, ఒక చేత్తో మందు, ఇంకో చేత్తో విషం! వేరు చేయడానికి ప్రయోగశాల కావాలి, గరిటె చాలదు. పెన్సిలిన్ ఇచ్చే రకాలు కొన్నే, తెల్లగా కట్టిందల్లా అది కాదు. పైన కనిపించేది కొంతే, దాని దారాలు కిందికి దిగి ఉంటాయి. పల్లీలకు పట్టే ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అయితే అఫ్లాటాక్సిన్‌ను వదులుతుంది. వేయించినా అది పూర్తిగా పోదు, కాలేయ క్యాన్సర్‌కు కారణమవుతుంది. కాబట్టి రంగు మారిన పల్లీలు చట్నీలో వేయకండి, బూజు కట్టిన ఆవకాయ పారబోయండి. నేనోసారి తడి గరిటె పెట్టి మాగాయ జాడీ మొత్తం పాడుచేశాను. మా ఆవిడ ఆ సంగతి ఇప్పటికీ ఎత్తుతుంది.

ప్రశ్న: మా ఊరివాడైన యల్లాప్రగడ సుబ్బారావుగారి హయాంలో వచ్చిన ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ కూడా బూజు మందేనా?
– బీఎస్సీ విద్యార్థి, భీమవరం

జవాబు: కాదు. అమెరికాలోని లెడర్లే మందుల కంపెనీలో సుబ్బారావుగారు పరిశోధనల బాధ్యత చూస్తుండగా బెంజమిన్ డగ్గర్ మట్టిలోని స్ట్రెప్టోమైసిస్ అనే బాక్టీరియా నుంచి దాన్ని పట్టుకున్నారు. 1948లో అది బయటికొచ్చింది. ఆ జీవి బూజులా దారాలు దారాలుగా పెరుగుతుంది, పేరులోని 'మైసిస్' అంటే గ్రీకులో శిలీంధ్రమే. అందుకే ఒకప్పుడు దాన్నీ అదే జాతిలో కలిపేవారు. మట్టిలోంచి వచ్చిన అసలైన శిలీంధ్రపు మందు కావాలంటే, నార్వేలోని హార్డాంగర్‌విడ్డా పీఠభూమి మట్టి నుంచి వచ్చిన సైక్లోస్పోరిన్ గురించి చదువు. కిడ్నీ మార్చాక శరీరం దాన్ని తోసేయకుండా ఆపుతుంది. పరీక్షలో మాత్రం ఆరియోమైసిన్‌కు ఎదురుగా బాక్టీరియా అనే రాయి.