బ్రాండ్ సర్వేల్లో చూపించే శాతాలను ఎంతవరకు నమ్మవచ్చు?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: మీరొక చిన్న షాంపూ బ్రాండ్ నడుపుతున్నారు. ఏజెన్సీ వాళ్లు 400 మందితో సర్వే చేసి, "మీ బ్రాండ్ పోయినసారి 42 శాతం మందికి తెలుసు, ఈసారి 46 శాతం మందికి తెలుసు, ప్రకటనలు బాగా పనిచేస్తున్నాయి" అన్నారు. 400 మంది సరిపోతారా, ఆ అంకెను నమ్మవచ్చా అన్నది మీ సందేహం.

శాంపిల్ సంగతి, అంటే ఎంతమందిని అడిగారన్నది, చివర్లో చెబుతాను. ఈ వ్యవహారంలో అన్నిటికంటే తేలికైన భాగం అదే, ఏ పాఠ్యపుస్తకం తీసినా దొరుకుతుంది. నేను ఇంటింటికీ తిరిగి తలుపు కొట్టే ఇన్వెస్టిగేటర్‌గా మొదలై, ఫీల్డ్ సూపర్‌వైజర్ అయి, తర్వాత ఏసీ గదిలో కూర్చుని రిపోర్టులు రాసే పనికి వచ్చాను. అంకె ఎక్కడ పుడుతుందో చూశాను, దానికి ఎంత రంగు పూస్తారో కూడా చూశాను. అందుకే కాస్త గట్టిగా చెబుతున్నా: ఏ శాతాన్నైనా చూసేముందు దాని వెనకున్న ప్రశ్నను చూడాలి. ప్రశ్న చూడకుండా అంకె మీద చర్చ పెట్టుకోవడం దండగ.

బ్రాండ్ తెలుసా అని అడగడానికి మూడు పద్ధతులున్నాయి. షాంపూ అనగానే మనిషి నోట మొదట వచ్చే పేరును టాప్ ఆఫ్ మైండ్ అంటాం. "ఇంకా? ఇంకేమైనా?" అని అడుగుతూ పోతే సొంతంగా చెప్పే పేర్లన్నీ కలిపి స్పాంటేనియస్. ఆ తర్వాత పేర్లున్న షో కార్డు చేతికిచ్చి, వీటిలో ఏవి విన్నారని అడిగితే వచ్చేది ఎయిడెడ్. మీవంటి చిన్న బ్రాండ్లకు మొదటిదానికీ మూడోదానికీ ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా ఉంటుంది. మీకు చెప్పిన 46 ఎయిడెడే, పందెం కాస్తాను. స్లైడు మీద ఆ సంగతి రాసి ఉండదు, రాసినా అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది.

ఎయిడెడ్ అంకె మీద నాకు నమ్మకం పోవడానికి ఒక కారణం ఉంది. అప్పట్లో మా ప్రాజెక్ట్ హెడ్ ఒక మేడమ్. షో కార్డులో అసలు బ్రాండ్ల మధ్య లోకంలో లేని పేరొకటి చేర్చడం ఆవిడకు అలవాటు. సరదాకు కాదు, ఎంతమంది ఊరికే తలూపుతున్నారో పట్టుకోవడానికి ఇది పాత పద్ధతే. ఆ సర్వే కూడా షాంపూల మీదే. లంచ్ బ్రేక్‌లో కూర్చుని పేరు మేమే కల్పించాం, వింటేనే జుట్టు మెరిసిపోతుందేమో అనిపించేలా. ఫీల్డ్ పని ముగిసింది, డేటా వచ్చింది, టేబుళ్లు తీశాం. మా కల్పిత షాంపూ అట్టడుగున ఉంటుందనుకున్నాం. అదేమో ప్రకటనల మీద డబ్బు పోసి నిజంగా అమ్ముతున్న రెండు బ్రాండ్లను దాటి పైన కూర్చుంది!

ప్రెజెంటేషన్ రోజు మేడమ్ ఆ వరుసను స్లైడులో అలాగే ఉంచారు, ఏమీ చెప్పకుండా. క్లయింట్ వైపు బ్రాండ్ మేనేజర్ దాన్ని చూసి ముందుకు వంగాడు. "ఇదెవరిది? ఎప్పుడు దింపారు?" అన్నాడు. పక్కనున్న సేల్స్ పెద్దాయన ఏమాత్రం తడుముకోకుండా, "మార్కెట్లో గట్టిగానే తిరుగుతోంది సార్, డీలర్లకు మార్జిన్ ఎక్కువిస్తున్నారు, అందుకే తోస్తున్నారు" అన్నాడు. నవ్వు ఆపుకోవడానికి నేను నీళ్ల గ్లాసు ఎత్తాను. మేడమ్ మాత్రం మొహంలో ఏ మార్పూ లేకుండా, "ఆ పేరు మేమే పెట్టామండీ, అలాంటి షాంపూ లేదు" అన్నారు. సేల్స్ పెద్దాయనకు వెంటనే ఏదో అర్జెంట్ ఫోన్ గుర్తొచ్చి బయటికి వెళ్లిపోయారు.

అసలు తమాషా ఆ తర్వాత జరిగింది. ఎవరైనా ఏం చేయాలి? అన్ని బ్రాండ్ల అంకెల్లోనూ దాదాపు అంత గాలి ఉందని గ్రహించి, దాన్ని మినహాయించుకుని చూసుకోవాలి. క్లయింట్ నుంచి వచ్చిన మెయిల్లో మాత్రం ఒకటే కోరిక: వచ్చే వేవ్ (తర్వాతి విడత సర్వే) నుంచి ఆ పేరు తీసేయండి, మా పైవాళ్లు కన్ఫ్యూజ్ అవుతున్నారు. తీసేశాం. రిపోర్టు మళ్లీ ముచ్చటగా తయారైంది.

జవాబు చెప్పినవాళ్లు అబద్ధాలాడారని నేననను. ఎదురుగా ఒక మనిషి ట్యాబ్ పట్టుకుని కూర్చుంటే "నాకు తెలియదు" అని పదిసార్లు అనడానికి ఎవరికైనా మొహమాటమే. పేరు ఆ సరుకుకు తగ్గట్టుంటే ఎక్కడో విన్నట్టే తోస్తుంది. పైగా మన ప్రశ్నావళి నలభై నిమిషాలు! అంత పొడవు రాసేవాళ్ల మీద నాకు వేరే కోపం ఉంది. వాళ్లు ఎన్నడూ ఎండలో నిలబడి ఒక్క ఇంటర్వ్యూ కూడా చేసి ఉండరు. సగం దాటాక ఏ మనిషైనా "ఔను, ఔను" అని వదిలించుకోవాలనే చూస్తాడు. ఆన్‌లైన్ ప్యానెళ్లలో, అంటే సర్వేల కోసం ముందే పేరు నమోదు చేసుకున్నవాళ్లలో అయితే ఒకే గడిని పైనుంచి కిందిదాకా టిక్ కొట్టుకుంటూ పోతారు. వాళ్లను స్ట్రెయిట్‌లైనర్లు అంటాం. అలాంటి ఫారాలు ఎన్ని ఏరి పారేశారని మీ ఏజెన్సీని అడగండి. ఒక్కటీ లేదంటే అసలు వెతకలేదని అర్థం.

ప్రశ్న గురి తప్పితే పెద్ద శాంపిల్ కూడా కాపాడదు. 1985లో కోకాకోలా కంపెనీ ఫార్ములా మార్చేముందు సుమారు రెండు లక్షల మందికి రుచి చూపించింది. కొత్తదే బాగుందని ఎక్కువమంది అన్నారు. ఏప్రిల్‌లో అట్టహాసంగా ప్రకటించారు, జనం ఆగ్రహం తట్టుకోలేక జూలైలోనే పాతదాన్ని 'క్లాసిక్' పేరుతో వెనక్కి తెచ్చారు. ఏది రుచిగా ఉందన్నదాని మీద పెట్టిన శ్రద్ధ, పాతది ఇక దొరకదంటే జనానికి ఎలా ఉంటుందన్నదాని మీద పెట్టలేదు. అలాగే ఎవరిని అడిగారన్నది గురి తప్పినా అంతే. 1936 అమెరికా అధ్యక్ష ఎన్నికలప్పుడు లిటరరీ డైజెస్ట్ పత్రిక దాదాపు కోటి మందికి నమూనా బ్యాలెట్లు పంపి, ఇరవై లక్షలకు పైగా జవాబులు తెప్పించుకుని, రూజ్‌వెల్ట్ మీద పోటీ చేసిన లాండన్ గెలుస్తాడని చెప్పింది. రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు. పేర్లు తీసుకున్నది టెలిఫోన్ డైరెక్టరీల నుంచి, కార్ల రిజిస్ట్రేషన్ జాబితాల నుంచి. ఆ మాంద్యం రోజుల్లో ఫోనూ కారూ ఉన్నవాళ్లు ఎవరో వేరే చెప్పాలా? పైగా తిరిగి జవాబు పంపింది నలుగురిలో ఒక్కరే. చాలా చిన్న శాంపిల్‌తో సర్వేలు చేసే జార్జ్ గ్యాలప్ అదే ఎన్నికలో విజేతను సరిగ్గా చెప్పాడు.

అన్నట్టు, ప్రెజెంటేషన్లలో ఇంకో జాతి అంకెలు తిరుగుతుంటాయి, తల్లీదండ్రీ లేనివి. మనిషి ఏకాగ్రత 12 సెకన్ల నుంచి 8 సెకన్లకు పడిపోయింది, గోల్డ్‌ఫిష్ కంటే తక్కువ అన్నది మీరూ వినే ఉంటారు. 2015లో మైక్రోసాఫ్ట్ కెనడా విభాగం రిపోర్టులో కనిపించాక అది ప్రపంచమంతా పాకింది. వెనక్కి తవ్వుకుంటూ పోతే దానికి ఆధారమైన పరిశోధన అంటూ ఏదీ తేలదు. అయినా ప్రతి వీడియో ఏజెన్సీ మొదటి స్లైడులో ఆ చేప ఈదుతూనే ఉంటుంది.

నెట్ ప్రమోటర్ స్కోర్‌కు కనీసం తండ్రి ఉన్నాడు. 2003లో ఫ్రెడ్ రైకెల్డ్ అనే బిజినెస్ కన్సల్టెంట్ ప్రచారంలోకి తెచ్చాడు. ఇతరులకు సిఫార్సు చేస్తారా అని 0 నుంచి 10 వరకు అడిగి, 9, 10 ఇచ్చినవాళ్ల శాతం నుంచి 0 నుంచి 6 ఇచ్చినవాళ్ల శాతం తీసేస్తారు. ఆలోచన మంచిదే. కానీ ఆ అంకెను ఉద్యోగుల ఇన్సెంటివ్‌కు ముడిపెట్టిన రోజే దాని పని అయిపోయింది. ఇప్పుడు సర్వీసు చేసిన కుర్రాడే ఫోన్ చేసి, "పది ఇవ్వండి సార్, ఎనిమిదిస్తే నాకు కట్ అవుతుంది" అంటాడు. పాపం, వాడికోసం పది ఇచ్చేస్తాం. ఆ పదితో అక్కడెవరో గ్రాఫ్ గీస్తారు.

మీ ఏజెన్సీ తర్వాత చెప్పబోయేది కూడా ఇప్పుడే చెప్పేస్తాను: "మీ కస్టమర్లకు లాయల్టీ తక్కువ, ఒక పథకం పెడదాం." కంగారు పడకండి. చిన్న బ్రాండ్లను కొనేవాళ్లూ తక్కువే, ఆ కొనేవాళ్లు మళ్లీ కొనడమూ కొంచెం తక్కువే. దీన్ని డబుల్ జెపర్డీ అంటారు. 1960ల్లో విలియం మెక్‌ఫీ అనే సామాజిక శాస్త్రవేత్త గుర్తిస్తే, మార్కెటింగ్ పరిశోధకుడు ఆండ్రూ ఎహ్రెన్‌బర్గ్ రకరకాల సరుకుల్లో అదే తీరు చూపించాడు. అది చాలావరకు మీ సైజు వల్ల వచ్చే లక్షణం. కొత్త కొనుగోలుదార్లు పెరిగితే దానంతటదే సర్దుకుంటుంది. పాయింట్ల కార్డులు అచ్చు వేయించకండి.

ఇక శాంపిల్. 400 మందిని సక్రమంగా, యాదృచ్ఛికంగా ఎంచుకుంటే సర్వేలో వచ్చిన శాతం ఏదైనా అటూఇటూ 5 పాయింట్ల వరకు ఊగవచ్చు. రెండు సర్వేల మధ్య తేడా అయితే సుమారు 7 పాయింట్లు. అంటే మీ 42 నుంచి 46కు పెరగడం ప్రకటనల మహిమే అని ఎవరూ చెప్పలేరు, అసలు పెరిగిందనే చెప్పలేరు. ఊగిసలాట సగం కావాలంటే శాంపిల్ నాలుగింతలు, 1600 మంది కావాలి. అదే 400 మందిని అయిదు వయసు గ్రూపులుగా విడగొట్టి 80 మంది మీద "63.8 శాతం" అని దశాంశంతో సహా చూపిస్తే నవ్వుకోండి, అక్కడ 11 పాయింట్ల ఊపు ఉంటుంది.

1600కు డబ్బు పెట్టకండి. 400తోనే చేయించి, మిగిలిన డబ్బుతో బ్యాక్‌చెక్‌లు (ఇంటర్వ్యూ నిజంగా జరిగిందా అని మళ్లీ కనుక్కోవడం) పెంచమనండి, షో కార్డులో లేని పేరొకటి పెట్టించండి, కొన్ని ఇంటర్వ్యూలకు మీరే వెంట వెళ్లి పక్కన నోరెత్తకుండా కూర్చోండి. ముందు మాత్రం పూర్తి ప్రశ్నావళి తెప్పించుకోండి. "అది మా సొంత ఫార్మాట్ సార్, బయటికివ్వం" అని నసిగితే మిగతా బిల్లు ఆపండి, సాయంత్రంలోపు వస్తుంది.