ఫోన్-ఇన్ నడపబోయే అమ్మాయికి

చిరంజీవి మాధవికి,

పెదనాన్న ఆశీస్సులు. రేడియోలో ఫోన్-ఇన్, అదే శ్రోతలు ఫోన్ చేసి మాట్లాడే కార్యక్రమం, నీ చేతికి వచ్చిందని మీ అమ్మ చెప్పింది. వలసల మీద చర్చ ఎలాగూ తప్పదు. ఇక్కడి బ్రిటన్ పత్రికల్లో డెస్కు మీద పని చేసి రిటైరైనవాణ్ణి కాబట్టి చెబుతున్నాను.

1968 ఏప్రిల్‌లో బర్మింగ్‌హామ్‌లో కన్సర్వేటివ్ ఎంపీ ఇనాక్ పావెల్ వలసదారుల మీద విషం కక్కితే, మర్నాడే ఆ పార్టీ నాయకుడు ఎడ్వర్డ్ హీత్ అతన్ని షాడో క్యాబినెట్ (ప్రతిపక్షం నియమించుకునే నీడ మంత్రివర్గం) నుంచి తీసేశాడు. 1978లో అదే పార్టీ నాయకురాలు మార్గరెట్ థాచర్ టీవీలో, వేరే సంస్కృతి వాళ్లు ముంచెత్తుతారేమోనని జనం భయపడుతున్నారంది. భయం తనది కాదట, జనానిదట! కిటుకంతా అక్కడే. మరుసటేడు ఆమె ప్రధాని అయింది. 2022లో హోం మంత్రి సువెల్లా బ్రేవర్‌మన్ సముద్రం దాటి చిన్న పడవల్లో వచ్చేవాళ్లది దండయాత్ర అని పార్లమెంటులోనే అంది. ఆ మాటకు పదవేమీ పోలేదు. ఆమె తల్లిదండ్రులూ కెన్యా, మారిషస్‌ల నుంచి వచ్చిన భారత సంతతివాళ్లే.

అందుకని ఎవరైనా "జనం అనుకుంటున్నారు" అని మొదలెడితే, "మీరేం చూశారండీ? ఎక్కడ?" అని మర్యాదగా అడుగు. మందలించకు, లైను కట్ చేయకు. డాక్టరు అపాయింట్‌మెంట్ దొరకలేదనేదే అసలు బాధైతే దాని గురించే మాట్లాడించు. రుజువు లేని కబురు మాత్రం, ఖండించడానికైనా సరే, మొదటి వాక్యంగా చదవొద్దు. 2024 జూలైలో సౌత్‌పోర్ట్‌లో పిల్లల్ని చంపినవాడు పడవలో వచ్చాడని పుకారు లేచింది. అతను ఈ దేశంలోనే, కార్డిఫ్‌లో పుట్టినవాడు. ఆ సంగతి పోలీసులు చెప్పినా అక్కడి మసీదు మీద రాళ్లు పడ్డాయి.

మనవాళ్లూ ఫోన్ చేస్తారు. "మేం వీసాతో వచ్చాం, వాళ్లలా కాదు" అంటారు. వాళ్లను ఇంకాస్త గట్టిగా అడుగు, మొహమాటపడకు. కరీబియన్ దీవుల నుంచి చట్టప్రకారం వచ్చి ఇక్కడే ముసలివాళ్లైనవాళ్ల ఉద్యోగాలు, వైద్యం పోయాయని, కొందరిని దేశం నుంచే పంపేశారని 2018లో బయటపడింది. సౌత్‌పోర్ట్ తర్వాతి అల్లర్లలో సండర్‌లాండ్‌లో డ్యూటీకి వెళ్తున్న ఫిలిప్పీన్స్ నర్సుల మీద దాడి చేసినవాళ్లు వీసా చూపించమని అడగలేదు.

ఇంకోటి. శరణార్థుల గురించి మాట్లాడడానికి బయటివాళ్లు ముగ్గుర్ని కూర్చోబెట్టే బదులు, శరణు కోరి, ప్రభుత్వం హోటళ్లలో ఉంచినవాళ్లలో ఒకరిని స్టూడియోకి పిలువు. వాళ్లకు మామూలుగా పని చేసే అనుమతి ఉండదు. బస్సు చార్జీ మీ ఆఫీసువాళ్లచేత ముందే ఇప్పించు.

పెదనాన్న